నువ్వు పేదగానే ఉండు, మేం చప్పట్లు కొడతాం

1964 మే నెల. ఇంగ్లండులో, మాంచెస్టర్ ఊళ్లో, ప్రయాణికుల రైళ్లు ఆగడం మానేసిన విల్‌బ్రహామ్ రోడ్ స్టేషనుకు గ్రనాడా టీవీ వాళ్లు ఒక కచేరీకోసం పల్లెటూరి వేషం వేశారు. మామూలు పల్లె కాదు, అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్లు పత్తి ఏరే పల్లె. అందుకని పత్తి బేళ్లు తెచ్చి పడేశారు. చెక్కపెట్టెలు పేర్చారు. ఊగే కుర్చీ వేశారు. పరారీలో ఉన్న నేరస్తుణ్ణి పట్టిస్తే బహుమానమంటూ గోడలకు కాగితాలు అంటించారు. కోళ్లను వదిలారు. ఇంకా ఏదో వెలితి కనిపించిందేమో, మేకను కూడా తోలుకొచ్చారు. మేక లేని పల్లెను టీవీలో చూపిస్తే జనం నమ్మొద్దూ!

ఎదురు ప్లాట్‌ఫాం మీద కుర్రకారు కూర్చుంది. ఇవతలి ప్లాట్‌ఫాం మీద నల్లవాళ్ల బ్లూస్ పాటల గాయకుడు మడ్డీ వాటర్స్ పెట్టె చేతబట్టుకుని, అప్పుడే పత్తిచేను గట్టు దిగి వస్తున్నవాడిలా నడిచాడు. ఆయన ఆ చేను వదిలి షికాగో చేరింది 1943లో. తర్వాత సిస్టర్ రొసెటా థార్ప్ గుర్రబ్బండి దిగింది. 1951లో వాషింగ్టన్‌లో బేస్‌బాల్ స్టేడియం మాట్లాడుకుని, టికెట్లు అమ్మి, వేలమంది ఎదుట పెళ్లి చేసుకున్న మనిషి ఆవిడ. అలాంటి ఆవిడకు వీళ్లు మేకను చూపించారు. ఆవిడ లెక్కచెయ్యలేదు. పొడుగాటి మంచి కోటు, ఎత్తు మడమల జోళ్లు, భుజాన తెల్లటి ఎలక్ట్రిక్ గిటారు. సరిగ్గా అప్పుడే వాన. ఆవిడ వాన మీది భక్తిపాట ఒకటి ఎత్తుకుని ఆ చిత్తడిలోనే గిటారు మోగించేసరికి బేళ్లూ కోళ్లూ మేకా ఎవరికీ గుర్తులేకుండా పోయాయి. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. చూస్తూ ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ మేకను ఎవరికోసం తెచ్చారు?

పాడేవాళ్లకోసమైతే కాదు. వాళ్లలో చాలామంది అలాంటి కోళ్లకూ మేకలకూ దండం పెట్టి రైలెక్కినవాళ్లే. 1910 నుంచి 1970 దాకా అమెరికా దక్షిణాది నుంచి సుమారు 60 లక్షల మంది నల్లవాళ్లు ఉత్తరాదికీ పడమటికీ వలసపోయారు. దొర పొలం, దొర కొట్టు, దొర లెక్కల పుస్తకం, ఎన్నేళ్లు చాకిరీ చేసినా తీరని బాకీ, ఓటుహక్కు అడిగితే తన్నులు, ఎదురు మాట్లాడితే చెట్టుకొమ్మకు ఉరితాడు. ఇదీ వాళ్లు వదిలేసి వచ్చిన పల్లె. ఆ వలస ఇంకా సాగుతుండగానే, 1960లలో, పట్నం కుర్రాళ్లకు నాగరికత మీద విరక్తి పుట్టింది. మూటాముల్లె సర్దుకుని పల్లెలకు బయల్దేరారు. 1965లో కొలరాడోలో డ్రాప్ సిటీ వెలిసింది, 1971లో టెనెస్సీలో ద ఫార్మ్ వెలిసింది. చేత్తో దున్నాలి, చేత్తో వడకాలి, చేత్తో గిటారు మీటాలి. ఎలాగో తెలియకపోతే 1968 నుంచి హోల్ ఎర్త్ కేటలాగ్ అని ఒక పుస్తకం, ఏ పనిముట్టు ఎవరి దగ్గర ఎంతకు దొరుకుతుందో చూసి పోస్టులో తెప్పించుకోవచ్చు. హైవే మీద ఈ రెండు గుంపులూ ఎదురుపడే ఉంటాయి. ఒకరు ఓవరాల్స్ విప్పేసి సూటు తొడుక్కుని పోతున్నారు, ఇంకొకరు నాన్న కొనిచ్చిన సూటు విప్పేసి ఓవరాల్స్ తొడుక్కుని వస్తున్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దు.

ఈ తిరుగుబాటు వీరుల పూర్వాశ్రమాలు చూస్తే భలే ముచ్చటగా ఉంటాయి. బ్రూక్లిన్‌లో డాక్టరుగారబ్బాయి ఎలియట్ అడ్నోపోజ్ టోపీ పెట్టి రాంబ్లిన్ జాక్ ఎలియట్ అనే కౌబాయ్ అయ్యాడు. మిన్నెసోటాలో హిబ్బింగ్ అనే ఇనుప గనుల ఊళ్లో పెరిగిన రాబర్ట్ జిమ్మర్‌మన్ బాబ్ డిలన్ అని పేరు పెట్టుకుని, న్యూయార్కు చేరి, చిన్నప్పుడే తిరునాళ్ల సర్కసు వాళ్లతో ఊళ్లు తిరిగానని కథలు చెప్పాడు. 1963లో న్యూస్‌వీక్ పత్రిక అమ్మానాన్నల సంగతి బయటపెట్టేదాకా అవి చెల్లాయి. నాన్నగారికి హిబ్బింగ్‌లో ఫర్నిచరు, ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం. ఈ అబ్బాయే 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో గిటారుకు కరెంటు తగిలిస్తే జనంలో ఒక వర్గం గోలగోల చేసింది. సర్కసు కుర్రాణ్ణని చెప్పినప్పుడు నిజాయితీ, కరెంటు కొట్టు వాళ్లబ్బాయి కరెంటు వాడినప్పుడు ద్రోహం! ఆ ఏడే అదే ఉత్సవంలో, పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బృందాన్ని చిన్నచూపుగా పరిచయం చేశాడని మేనేజరు ఆల్బర్ట్ గ్రాస్‌మన్‌కు కోపం వచ్చింది. ఆయనా, పరిచయం చేసిన జానపద పండితుడు ఆలన్ లోమాక్సూ కలబడి దుమ్ములో దొర్లారు. ఇద్దరూ భారీకాయులు. శాంతి పాటలకు పేరుపొందిన వేదిక అది.

వేషం తప్పని నేననను. వేషం లేనిదే కళ లేదు. డిలన్ పాటకు నాన్నగారి దుకాణం వల్ల వచ్చిన మచ్చేమీ లేదు. నా పేచీ వేరే. తెల్ల కుర్రాడు ఈ ఏడు కూలివాడు, వచ్చే ఏడు కవి, ఆ పై ఏడు తోలు జాకెట్టు రాక్ స్టారు. ఎవరూ కాదనరు, కాదన్నా రెండేళ్లలో మరిచిపోతారు. నల్ల గాయకుడికి మాత్రం ఒకే వేషం ఇచ్చి, ‘ఇది వేషం కాదు, నీ ఒళ్లే ఇంత, విప్పావంటే చప్పట్లు ఉండవు’ అన్నారు.

ఈ తంతు కొత్తదేం కాదు. 1933లో జాన్ లోమాక్స్, కొడుకు ఆలన్‌ను వెంటబెట్టుకుని, రికార్డింగ్ యంత్రం కారులో వేసుకుని లూసియానాలోని అంగోలా జైలుకు వెళ్లాడు. రేడియో, రికార్డులు చెవిన పడని ఖైదీల దగ్గర కల్తీ లేని పాట దొరుకుతుందని పెద్దాయన సిద్ధాంతం. కల్తీ లేని మనిషి కావాలంటే ముందు అతన్ని లోకం నుంచి వేరు చేసి తాళం వెయ్యాలన్నమాట. అక్కడ దొరికాడు హడ్డీ లెడ్‌బెటర్, లోకానికి లెడ్ బెల్లీ. 12 తీగల గిటారు, నోట్లో లెక్కలేనన్ని పాటలు. మరుసటి ఏడు విడుదలై లోమాక్స్ కారు డ్రైవరయ్యాడు. లెడ్ బెల్లీకి నచ్చే బట్టలు సూటూ బో టై. న్యూయార్కు జనానికి నచ్చేవి ఖైదీ బట్టలు. 1935లో మార్చ్ ఆఫ్ టైమ్ అనే వార్తాచిత్రం వాళ్లు జైలు సీనును మళ్లీ ఆడించి తీశారు. తనను కొలువులో పెట్టుకోమని దొరను బతిమాలే సీను కూడా ఆయన చేతే వేయించారు. నిజంగా జైల్లో మగ్గినవాడి చేత ఖైదీ పాత్ర వేయించడం, ఆ నటన సహజంగా ఉందని మెచ్చుకోవడం!

ఇక లెక్కలు. వచ్చినదాంట్లో మొదట చెరి సగం అన్నారు. తర్వాత తండ్రికో వాటా, కొడుక్కో వాటా, గాయకుడికో వాటా అని తేల్చారు. కారు నడిపింది ఆయన, పాడింది ఆయన, మూడో వంతు ఆయనకు. 1949 డిసెంబరులో ఆయన పోయాడు. మర్నాడే అన్నట్టు, 1950లో, ఆయన ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చి తనదిగా మలచుకున్న ఐరీన్ పాటను వీవర్స్ బృందం పెద్ద వాద్యబృందంతో పాడితే, బిల్‌బోర్డ్ పట్టికలో 13 వారాలు మొదటి స్థానం. రచయితలుగా రెండు పేర్లు: హడ్డీ లెడ్‌బెటర్, జాన్ లోమాక్స్. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాం. ఇక్కడ అల్లుడు దానం కూడా చెయ్యలేదు, దస్తావేజు రాయించుకున్నాడు.

1938 డిసెంబరు 23న న్యూయార్కులోని కార్నెగీ హాల్లో జాన్ హామండ్ అనే రికార్డు నిర్మాత పెద్ద కచేరీ పెట్టాడు. దానికి మిసిసిపీ గాయకుడు రాబర్ట్ జాన్సన్ కావాలన్నాడు. కబురు వెళ్లేసరికి ఆ ఆగస్టులోనే పోయాడని తెలిసింది. సరే, ఆయన రికార్డులు వేదిక మీద తిప్పి వినిపించి, మనిషి బదులు బిగ్ బిల్ బ్రూన్జీని నిలబెట్టారు. బ్రూన్జీ అప్పటికి ఏళ్ల తరబడి షికాగో వాసి, పియానోలూ బృందాలూ పెట్టి రికార్డుల మీద రికార్డులు ఇచ్చినవాడు, సూటులో దర్జాగా కనిపించేవాడు. సభకు మాత్రం ఆర్కాన్సాస్ పొలం నుంచి వచ్చిన పాలేరుగా పరిచయం. బ్రూన్జీ లోకం తెలిసినవాడు. 1950లలో యూరప్ వాళ్లకు ఒంటి గిటారుతో ఆఖరి బ్లూస్ గాయకుడు కావలసివస్తే ఆ పాత్రా పోషించాడు. ఈ రెంటికీ మధ్య కొంతకాలం అయోవా స్టేట్ కాలేజీలో గదులు ఊడ్చే పని చేశాడు. ఆ పాత్ర చూడటానికి మాత్రం టికెట్టు కొన్నవాడు లేడు.

పల్లె పాట పల్లెలో ఎలా ఉండేదో నిజంగా తెలుసుకోవాలనుకున్నవాళ్లు లేకపోలేదు. 1941లో ఫిస్క్ విశ్వవిద్యాలయం నుంచి జాన్ వర్క్, లూయిస్ జోన్స్ అనే నల్ల పరిశోధకులు ఆలన్ లోమాక్స్‌తో కలిసి మిసిసిపీలోని కొహోమా కౌంటీకి వెళ్లారు. జోన్స్ క్లార్క్స్‌డేల్ ఊరి కొట్లలో నాణెం వేస్తే పాడే పెట్టెల దగ్గర నిలబడి, ఏ పాటలున్నాయో జాబితా రాశాడు. అందులో ఎక్కువ భాగం న్యూయార్కు, షికాగో బృందాల హుషారు పాటలు. ఆ ఆగస్టులోనే స్టోవాల్ తోటలో ట్రాక్టరు తోలే మడ్డీ వాటర్స్ మొదటిసారి రికార్డయ్యాడు. నీకు వచ్చిన పాటలేమిటని అడిగితే ఆయన జాబితాలో కౌబాయ్ సినిమా హీరో జీన్ ఆట్రీ పాటలున్నాయి! ఊళ్లో వాళ్లకు ఏది నచ్చితే అది పాడటమే ఆయన వృత్తి. బ్లూస్ ఒక్కటే నల్లవాడి పాట, ఫిడేలు పాట తెల్లవాడిది అని గీత గీసింది పల్లె కాదు, 1920లలో అమ్మకాలకోసం జాతికో అర పెట్టిన రికార్డు కంపెనీలు. అర పెట్టింది షావుకారు, ఆ అరను చూసి సంప్రదాయమన్నది పండితుడు. జాన్ వర్క్ బృందం రాసిన కాగితాలు మాత్రం ఎక్కడో అడుగున పడి, 2005లో గానీ పుస్తకంగా వెలుగు చూడలేదు. అప్పటికి వర్క్ పోయి చాలా ఏళ్లు.

ఇక 1963, 64లలో పాత బ్లూస్ గాయకులకోసం పట్నం కుర్రాళ్లు చేసిన వేట. ఇక్కడ నా వ్యంగ్యం కాస్త తడబడుతుందని ముందే చెబుతున్నాను. ఈ పిల్లలకు పిచ్చి ఉంది గానీ అది మామూలు పిచ్చి కాదు. 1952లో హ్యారీ స్మిత్ అరిగిపోయిన రికార్డుల నుంచి 84 పాటలు ఏరి ఒక సంకలనం వేస్తే, వీళ్లు దాన్ని భాగవతంలా పారాయణ చేశారు. 1928లో మిసిసిపీ జాన్ హర్ట్ ఒక పాటలో తన ఊరు అవలాన్ అన్నాడని పట్టుకుని, 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు పటం వెతికి ఆ ఊరు చేరాడు. తలుపు తట్టిన తెల్లవాణ్ణి చూసి హర్ట్ పోలీసు విచారణేమో అనుకున్నాడు. నల్లవాడి గుమ్మంలోకి తెల్లవాడు పాటకోసం రావడం ఎరగని ఊరు మరి. బుకా వైట్‌కోసం ఇంకో ఇద్దరు, అతని పాటలో ఉన్న అబెర్డీన్ ఊరి పేరు వేసి, ‘పాత బ్లూస్ గాయకుడు’ అని కవరు మీద రాసి పోస్టు చేశారు. ఆ ఉత్తరం తిరిగి తిరిగి మెంఫిస్‌లో ట్యాంకులు చేసే కర్మాగారంలో పనిచేస్తున్న ఆ మనిషికి చేరింది. తపాలా శాఖకు నమస్కారం. స్కిప్ జేమ్స్ 1964 జూన్‌లో ట్యూనికా ఆస్పత్రి మంచం మీద దొరికాడు. సన్ హౌస్‌కోసం డెల్టా అంతా గాలిస్తే, ఆయన న్యూయార్కు రాష్ట్రంలో రాచెస్టర్ పట్నంలో తేలాడు. అక్కడికి వెళ్లి ఇరవై ఏళ్లు, గిటారు ముట్టుకుని ఏళ్లు. పాటలు మరిచిపోయాడు. ఆల్ విల్సన్ అనే తెల్ల కుర్రాడు పక్కన కూర్చుని, పాత రికార్డుల్లో విని నేర్చుకున్నదాన్ని వాయించి చూపిస్తూ, సన్ హౌస్ ఎలా వాయించేవాడో సన్ హౌస్‌కు నేర్పాడు. ఆ పెద్దాయన దాచిపెట్టుకున్న పాత బతుకును ఈ కుర్రాడు తవ్వి తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఇది ప్రేమో, దౌర్జన్యమో ఒక్క మాటలో చెప్పలేను.

అదే 1964 జూన్‌లో, అదే మిసిసిపీలో, నెషోబా కౌంటీలో, ఓటర్ల నమోదుకోసం పనిచేస్తున్న జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్‌లను క్లూ క్లక్స్ క్లాన్ మూక కాల్చి చంపి మట్టికట్ట కింద పూడ్చింది. ఉత్తరాది కారు నంబరు పలక కనబడితే చాలు వెంటాడే రోజులు. పాటలు వెతికే పిల్లలూ ఆ రోడ్ల మీదే తిరిగారు. వాళ్ల ధైర్యాన్ని కాదనను. కాకపోతే ఆ ఏడు మిసిసిపీలో రెండు రకాల జాబితాలు తయారయ్యాయి. ఒకదాంట్లో ఓటు కావలసిన మనుషుల పేర్లు, ఇంకోదాంట్లో పాట వచ్చిన ముసలివాళ్ల పేర్లు. రెండో జాబితాకు గిరాకీ ఇప్పటికీ తగ్గలేదు.

దొరికినవాళ్లందరినీ తీసుకెళ్లింది న్యూపోర్ట్‌కు. రోడ్ ఐలాండ్‌లో వాండర్‌బిల్ట్‌ల లాంటి కోటీశ్వరులు వేసవి విడిదికి మహళ్లు కట్టుకున్న ఊరు అది. పత్తి కూలీల పాటకు అంతకన్నా అనువైన చోటు ఎక్కడ దొరుకుతుంది! 1963 నుంచి అక్కడ గొప్పా చిన్నా తేడా లేకుండా అందరికీ 50 డాలర్లే పారితోషికం. ఎంత సమానత్వం! పేరున్నవాడికి ఆ 50 డాలర్ల వెనక రికార్డు కంపెనీ ఉంది, హర్ట్ వెనక అవలాన్ ఉంది. 1966లో ఆలన్ లోమాక్స్ ఒక అడుగు ముందుకేసి, సినిమా తియ్యడానికని న్యూపోర్ట్‌లో ఏకంగా పల్లె సారాకొట్టు సెట్టు వేశాడు. నిజమైన సీసాలు, నిజమైన తాగుడు. హౌలిన్ వుల్ఫ్, స్కిప్ జేమ్స్, బుకా వైట్, సన్ హౌస్ అందరూ అందులోనే. సన్ హౌస్ తాగి మధ్యలో అడ్డు తగులుతుంటే హౌలిన్ వుల్ఫ్ ఆయన్ని అందరి ఎదుటా కడిగేశాడు. వుల్ఫ్ పైకొచ్చిన మనిషి, లెక్క తెలిసిన మనిషి, తన బృందంలో వాళ్లకు కడుపునిండా జీతమిచ్చిన మనిషి. కుర్రతనంలో తాను గురువుల్లో ఒకరిగా చూసిన ముసలాయన్ని ఆ స్థితిలో చూసి మండిపోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఇంతకన్నా సహజమైన సన్నివేశం దొరకదు కదా.

మడ్డీ వాటర్స్ అవస్థ ఇంకో రకం. 1958లో ఇంగ్లండుకు తన ఎలక్ట్రిక్ గిటారుతో వెళితే, చెవులు చిల్లులు పడుతున్నాయని, ఇది పల్లెపాట కాదని పత్రికలు మూతి విరిచాయి. బుద్ధిమంతుడు, 1963లో వెళ్లినప్పుడు చెక్క గిటారు పట్టుకుపోయాడు. ఈలోగా ఆ ఊరి కుర్రాళ్లు కరెంటు నేర్చుకున్నారు, ‘ఎలక్ట్రిక్ గిటారు ఏదయ్యా?’ అన్నారు. మరుసటి ఏడు షికాగోలో ఆయన కంపెనీవాళ్లు ‘ఫోక్ సింగర్’ అని పేరు పెట్టి ఒక రికార్డు వేశారు. పాటలు మాత్రం భేషుగ్గా ఉంటాయి, ఏ అట్ట వేసినా ఆయన్ని చెడగొట్టడం ఎవరి తరమూ కాలేదు.

పోయినవాడితో ఈ పేచీలుండవు. అందుకే అందరికీ రాబర్ట్ జాన్సన్ ముద్దు. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో, అదే మనవాళ్లు సంక్రాంతికి అపార్టుమెంట్ల ముందు ముగ్గులేసే డాలస్‌లో, 508 పార్క్ అవెన్యూ అనే భవంతిలో, మొత్తం 29 పాటలు రికార్డు చేసి, మరుసటి ఏడు చచ్చిపోయాడు. నాలుగు రోడ్ల కూడలిలో అర్ధరాత్రి దయ్యానికి ఆత్మను అమ్మి గిటారు విద్య కొన్నాడని ఊరించే కథ. నల్ల కూలివాడు రాత్రింబవళ్లు సాధన చేసి విద్వాంసుడయ్యాడంటే ఎవరికీ మింగుడుపడదు, దయ్యం ఇచ్చిందంటే వెంటనే నమ్ముతారు. ఆయన ఫొటోలలో ఒకటి మెంఫిస్ స్టూడియోలో దిగినది. చారల సూటు, టై, ఓరగా పెట్టిన టోపీ, మెరిసే బూట్లు, కాలు మీద కాలు. లోకానికి ఎలా కనబడాలనుకున్నాడో ఆ మనిషి స్వయంగా, తన డబ్బు పెట్టి చెప్పిన మాట అది. 1994లో అమెరికా తపాలా శాఖ ఇంకో ఫొటో చూసి బిళ్ల వేసింది, నోట్లో సిగరెట్టు తీసేసింది. దయ్యంతో బేరం పరవాలేదు, సిగరెట్టు ఆరోగ్యానికి హానికరం.

బతికుండగా నిలకడగా ఒక ఇల్లు లేనివాడికి ఇప్పుడు గ్రీన్‌వుడ్ చుట్టుపక్కల మూడుచోట్ల సమాధి రాళ్లున్నాయి. 1990లో పాటలన్నీ ఒక పెట్టెగా వస్తే లక్షల్లో అమ్ముడైంది. కంకర లారీ తోలుకునే ఆయన కొడుకు, నేను ఫలానావాడి కొడుకునని నిరూపించుకోవడానికి మిసిసిపీ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, 2000లో గెలిచాడు. అందుకోసం, తన స్నేహితురాలి ఏకాంతాన్ని నా కళ్లతో చూశానని ఒక వృద్ధురాలు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. తల్లి మాట చాలలేదు. పాట ఎవరిదో తేల్చడానికి ఇన్ని ప్రమాణాలు అడిగిన దాఖలా లేదు. ఇంకో జాన్సన్, టామీ, వంటపొయ్యిలో మండించే స్పిరిటు తాగి పాడి 1956లో పోయినవాడు. ఆయన పాత రికార్డు ఒక్కటి 2013లో 37,100 డాలర్లకు అమ్ముడైంది. ఆయన రోజుల్లో ఆ డబ్బుకు ఊరికి ఊరు వచ్చేది.

క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ తోట ఉంది. విత్తడం నుంచి ఏరడం, బేలు కట్టడం దాకా మొత్తం యంత్రాలతో పత్తి పండించిన తొలి తోటగా 1944లో పేరుకెక్కింది. ఆ యంత్రం చేరాక కూలీల పని పోయింది, గుడిసెలు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు అక్కడ కూలీల గుడిసెలకు ఏసీ బిగించి యాత్రికులకు రాత్రి లెక్కన అద్దెకిస్తున్నారు. కూలివాడు బాకీ తీరక విడిచిపోయిన గుడిసెలో క్రెడిట్ కార్డు గీసి పడుకోవచ్చు. స్టోవాల్‌లో మడ్డీ వాటర్స్ ఉన్న చెక్కింటిని విప్పి దేశమంతా ఊరేగించి, చివరకు మ్యూజియంలో పెట్టారు. దాని పలక ఒకటి తీసి గడ్డాల రాక్ స్టారు బిల్లీ గిబ్బన్స్ ఎలక్ట్రిక్ గిటారు చేయించాడు. కరెంటుకోసం ఆ ఇల్లు వదిలిపోయినవాడి ఇంటికే చివరికి కరెంటు తగిలించారు.

నిజమైన పల్లె తిరుగుబాటు లేదా అంటే ఉంది. అదే మిసిసిపీలో రూల్‌విల్ దగ్గర తోటలో 18 ఏళ్లు పనిచేసిన ఫానీ లూ హేమర్ 1962 ఆగస్టు 31న ఓటుకు పేరు రాయించుకోబోతే, ఆ సాయంత్రానికే తోట నుంచి గెంటేశారు. ఊరికి తిరిగొచ్చే బస్సులో, దారిలో పోలీసులు ఆపినప్పుడు, అందరూ బిక్కచచ్చి కూర్చుంటే ఆవిడ పాట ఎత్తుకుంది. 1969లో సన్‌ఫ్లవర్ కౌంటీలో 40 ఎకరాలతో ఫ్రీడం ఫార్మ్ అనే సహకార సేద్యం మొదలుపెట్టింది. పందుల బ్యాంకు కూడా నడిచింది. కుటుంబానికి ఆడ పందిని ఇస్తారు, ఈనిన పిల్లల్లో కొన్నింటిని తిరిగి బ్యాంకుకు జమ చెయ్యాలి, అవి ఇంకో ఇంటికి పోతాయి. ఆకలికి అంతకన్నా పదునైన ఆలోచన ఆ దశాబ్దంలో ఏ పట్నం కుర్రాడికీ రాలేదు. డబ్బు చాలక 1970ల మధ్యలో ఆ సేద్యం ఆగిపోయింది. డ్రాప్ సిటీ గుండ్రటి ఇళ్ల ఫొటోలు మాత్రం వాస్తుశిల్పం పుస్తకాలలో ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి.

అమెరికా వాళ్ల సంగతి కదా అని కాలు మీద కాలేసుకుని చదువుతున్నారేమో. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య 2021లో పెద్ద హీరో సినిమా పాటకు గొంతిచ్చాడు, 2022లో పద్మశ్రీ ప్రకటించారు, ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం అంది. 2024లో హైదరాబాద్ శివారులో ఆయన కూలిపని చేస్తున్న వీడియో మనందరి ఫోన్లలో తిరిగింది. మనం బాధపడి, షేర్ చేసి, మళ్లీ బాధపడ్డాం. ఈలోగా మన రిసార్టుల్లో పల్లె థీమ్ పెళ్లిళ్లు జోరుగా నడుస్తున్నాయి. ద్వారం దగ్గర ఎడ్లబండి, లోపల లాంతర్లు, మట్టి ముంతల్లో మజ్జిగ, అతిథులు దిగుతుంటే డప్పులు. డప్పు కొట్టే కుర్రాళ్లు జీన్సు ప్యాంట్లలో, బైకుల మీద వస్తారు. ఈవెంట్ మేనేజరు వాళ్లను పక్కకు తీసుకెళ్లి పంచెలు, తలపాగాలు ఇచ్చి, సెల్‌ఫోన్లు జేబుల్లో కనిపించకూడదని చెబుతాడు. భోజనాలు ఆఖరి బంతిలో, డబ్బులు వచ్చే వారం.

కాబట్టి మీ ఇంట్లో వచ్చే పెళ్లికి, మీ ఆఫీసులో బోనాలకు, మీ అసోసియేషన్ సంక్రాంతి సంబరాలకు జానపద కళాకారుల్ని పిలిచేటప్పుడు చెయ్యాల్సినవి రెండే పనులు. ఆయన ఏ బట్టల్లో వచ్చినా ఏమీ అనకండి. డబ్బు, రానుపోను చార్జీలతో సహా, ఆయన డప్పు తియ్యకముందే చేతిలో పెట్టండి.